గడప దాటిన ఏడుపు

హలో… ఆ, నేనే. ఉల్కాన్‌నే… ఎవరూ?… జిల్లా నిఘా విభాగమా. అయ్యా, కొంచెం గట్టిగా చెప్పండి, ఇక్కడ ఏడుపుల్లో వినపడట్లేదు.

… ఎర్మెక్ బయట ఉన్నాడా అనా. ఉన్నాడు. గుడారం పక్కన, వాకిట్లో. నా కళ్ళ ముందే ఉన్నాడు.

… ఎర్ర దీపం వెలిగిందా మీ దగ్గర. వెలుగుతుంది మరి. గడప దాటితే వెలగాలనే కదా వాడి కాలికి ఆ కడియం తొడిగారు. పనిచేస్తోందన్నమాట. మంచిదే. మా ఊళ్ళో మీరు పెట్టినవాటిలో పనిచేసేది అదొక్కటే.

… వాడికివ్వనా? వాడు ఫోన్ ముట్టుకోకూడదని మీరే కదా అన్నారు, కోర్టులో. … ఆ. అందుకే నాకు చేశారన్నమాట.

… ఆగండాగండి. ఈ గొంతు… ఒరే, మెదేర్‌వా? … అలా బిగబట్టుకుని మాట్లాడితే ఎలా పోల్చుకునేదిరా. "పౌరురాలు ఉల్కాన్" అంటావేంటి, మేనత్తని పట్టుకుని.

… తెలిసిందా నీకు. … ఆ, తెల్లారగట్ల. నిద్రలోనే. … మా తమ్ముడే, నీ సాపర్ పెదనాన్నే. పక్క మీద ఇటు తిరిగాడట, మళ్ళీ అటు తిరగలేదు. … సరే. నీ సానుభూతి అందింది. చూసి చదువుతున్నట్టుంది గానీ, అందింది.

… ఇంట్లోకి పంపమంటే ఎలా పంపనురా. శవాన్ని వాకిట్లో గుడారం వేసి అందులో ఉంచాం, చుట్టూ ఆడవాళ్ళం ఉన్నాం. లోపల ఏడ్చేది ఆడవాళ్ళు. కొడుకన్నవాడు, మన ఎర్మెక్, బయట నిలబడాలి. నడుముకి గుడ్డ కట్టుకుని, కర్రకి ఆనుకుని, వచ్చేవాళ్ళకి ఎదురుగా గొంతెత్తి ఏడవాలి. ఇది నీకు నేను చెప్పాలా. నువ్వేమైనా ఆకాశం నుంచి ఊడిపడ్డావా.

… ఇంట్లోనే కిటికీ దగ్గర నిలబడి ఏడిస్తే. … ఊఁ. కిటికీలోంచి.

… మేమూ ఆలోచించాంరా. వాడి కడియాన్ని కనిపెట్టడానికి మీరు ఇంట్లో పెట్టిన పెట్టెనే తెచ్చి గుడారానికి తగిలిద్దామనుకున్నాం, అప్పుడు గుడారం కూడా ఇల్లే అవుతుందని. వైరు చాల్లేదు. పక్కింటివాళ్ళ వైరు కలిపాం. అది శవం నెత్తి దగ్గర కూత పెట్టింది. ముసలమ్మలు జడుసుకున్నారు. మళ్ళీ తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేశాం.

… ఎంతమందా. లెక్కపెట్టలేదు. … ఎవర్నీ రమ్మనలేదు. చావుకి పిలుస్తారట్రా ఎవరైనా. పోయాడని తెలిసింది, వచ్చారు. … జనం గుమిగూడితే ముందు మీకు చెప్పాలంటావు. నిజమే. సాపర్‌ని అడగాల్సింది, ముందుగా చెప్పి చావొచ్చు కదా అని.

… వేళాకోళం కాదురా. నా తమ్ముడు పోయాడు. నా వెనకాల పుట్టినవాడు, నేను చంకనేసుకుని పెంచినవాడు. సగం ఏడ్చి, మిగతా సగం గొంతులో పెట్టుకుని నీతో మాట్లాడుతున్నాను.

… అడుగు.

… ఏమని ఏడుస్తున్నాడా? అందరూ ఏమని ఏడుస్తారో అదే. "నా తండ్రీ, నా కొండా, కూలిపోయావా" అని. … ఏ కొండ ఏంట్రా. తండ్రిని కొండ అంటారు. … కాదు, ఆ పచ్చిక కొండ కాదు. ఊరందరి గొర్రెలూ మేసే కొండకి ఎవరో వచ్చి కంచె కట్టేసుకుంటే, ఎవరిచ్చారని ఎర్మెక్ జిల్లా ఆఫీసు మెట్ల మీద నిలబడి అడిగాడు. ఒక్కసారే అడిగాడు. అల్లర్లకి పిలుపన్నారు. ఆ పిలుపుకి వచ్చిందెవరు — బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముసలాళ్ళు. బస్సు రాగానే వాళ్ళూ పోయారు.

… సరే, ఇప్పుడా కేసెందుకు.

… పైవాళ్ళు… ఊఁ. … అంటే ఇప్పుడు లోపలికెళ్ళకపోతే ఇంక ఇంట్లో ఉంచరు, జైలుకే. … ఎన్నేళ్ళు? … మిగిలినవన్నీనా.

… వాడికి తెలుసురా. పొద్దున గడప దగ్గర నేనే అడ్డం నిలబడ్డాను. దాటకు నాయనా, మీ నాన్న ఏమీ అనుకోడు అన్నాను. వాడు నా భుజాలు పట్టుకుని పక్కకి జరిపాడు, మెల్లిగా, కుర్చీని జరిపినట్టు. "అత్తా, నాన్నకి నేను కాక ఎవరున్నారు" అన్నాడు.

… మా మరదలా. లోపలే. దానికి కన్నీళ్ళు రావట్లేదు. గోడకేసి తిరిగి కూర్చుంది, కొడుకు గొంతు వింటోంది. ఆ గొంతు ఆగితే అది కూడా ఏమైపోతుందోనని నా భయం.

… ఒక్క గంట లోపలుంటే రాసుకోనంటావు. … తెలుసులే, నువ్వు చెడ్డవాడివి కాదు. చెడ్డవాడైతే ఫోనెందుకు చేస్తాడు, జీపేసుకుని వచ్చేసేవాడు.

— ఏంటది. … కాదు, నీ వెనకాల. గుర్రం. ఆఫీసులో గుర్రాలున్నాయేంట్రా. … టీవీయా. మా అబ్దీష్ గాడు కూడా టీవీలోకి ఎక్కాడా? చావు భోజనాలకి కోయడానికి గుర్రాన్ని తోలుకొస్తున్నాడు, దాన్ని తిడుతున్నాడు. నాకు ఈ చెవిలో ఫోన్లోనూ వినపడుతోంది, ఆ చెవిలో మలుపు దగ్గర్నుంచీ వినపడుతోంది.

… మెదేర్. ఎక్కడున్నావు.

… మలుపు దగ్గరా. ఎప్పట్నుంచి. … పొద్దుట్నుంచీ జీపులోనే కూర్చున్నావా.

… మరి రాకుండా అక్కడేం చేస్తున్నావు.

… ఆహా. … అర్థమైందిలే, చెప్పక్కర్లేదు. మగబంధువు ఎవడైనా సరే, మలుపు దగ్గర్నుంచి బావురుమంటూ రావాలి. మా నాన్నా మీ తాతా ఒక తల్లి బిడ్డలు. ఏడు తరాలదాకా ఏడవాలంటారు, మనవి మూడు కూడా దాటలేదు. యూనిఫాం వేసుకుని నోరు మూసుకుని ఈ వాకిట్లోకొస్తే నిన్నెవరూ ఏమీ అనరు. కాకపోతే రేపు నీ కూతురి పెళ్ళికి ఎవరూ రారు. ఏడుస్తూ వస్తేనేమో, వాడి పక్కన నిలబడాలి. పక్కన నిలబడ్డాక వాణ్ణెలా పట్టుకెళ్తావు. … అదే కదా.

… ఏడుస్తున్నావా? … జలుబా. సరే, జలుబే.

… ఒక్క మాట చెప్తాను, తర్వాత నీ ఇష్టం. చచ్చినవాడి కళ్ళు చారెడని చెప్పట్లేదు. మీ నాన్న పోయినప్పుడు నువ్వు సైన్యంలో ఉన్నావు. నిన్ను పంపలేదు వాళ్ళు. నీ చోట్లో కర్ర పట్టుకుని నిలబడింది సాపరే. వచ్చిన ప్రతివాడికీ ఎదురెళ్ళి, నీ బదులు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత మాట పెగలక, కొట్లో వేలితో చూపించి టీపొడి కొనుక్కునేవాడు. … నీకెవరూ చెప్పలేదా. ఆయన చెప్పుకునే రకం కాదు.

… ముందు ముక్కు చీదుకో, తర్వాత మాట్లాడు.

… తీసుకెళ్ళక తప్పదంటావు. తీసుకెళ్ళు. నువ్వు కాదంటే ఇంకోణ్ణి పంపిస్తారు, వాడు మనవాడు కాదు. నాకు తెలీదా. కానీ మట్టి వేశాక తీసుకెళ్ళు. పొద్దు వాలకముందే మట్టి. వాడెక్కడికీ పారిపోడు. వాడు పారిపోయే రకమే అయితే నాకు ఈ బాధ ఎందుకు.

… డ్రైవర్ ఎవరు. మనవాడు కాదా. అయితే అతను ఏడవక్కర్లేదు, వచ్చి టీ తాగమను.

… టోపీ తియ్యకు. చావింట్లో బోడితలతో నిలబడకూడదు. … ప్రభుత్వం టోపీ అయితేనేం. నడుముకి గుడ్డ నేనిస్తాను, బెల్టు మీదే కట్టుకో.

… దీపం సంగతి నాకు తెలీదు. వెలగనీ.

… గొంతు రాకపోతేనా? వస్తుందిరా. మొదటి అడుగుకి రాదు. వాకిలి కనపడ్డాక అదే వస్తుంది.

… జీపు అక్కడే వదిలేసి నడిచి రా. ముందు ఆ ఫోన్ జేబులో పెట్టు. ఫోన్ చెవిలో పెట్టుకుని ఏడుస్తూ వచ్చినవాణ్ణి ఈ ఊరు ఇంతవరకూ చూళ్ళేదు.

… ఆ. ఉంటాను.

ఎర్మెక్, నాయనా… కొంచెం పక్కకి జరుగు. ఎవరైనా ఇంకో కర్ర తెండర్రా. వీడి తమ్ముడొస్తున్నాడు.