ఒరగని వెంకట్రాం

సర్పంచ్ ఎన్నికల నామినేషన్‌కు ముందురోజు సాయంత్రం. కొడకండ్లలో కొమురెల్లి చాయ్ దుకాణం దగ్గర వెంకట్రాం కథ మొదలుపెట్టాడు. వినేవాళ్లు కొమురెల్లి, కిరాణా రాజలింగం, బామ్మర్ది ఉపేందర్. నిజానికి ఆ కథ ఉపేందర్ కోసమే. వెంకట్రాం రాజ్‌దూత్ బండి తాళంచెవి అతని జేబులో ఉంది.

మొన్నీమధ్య కొట్టంలో బర్రె పలుపు విప్పడానికి వంగి వెంకట్రాం కళ్లు తిరిగి పడ్డాడు. పట్నం దవాఖానలో చూపించి తెచ్చాక, భార్య నిర్మల తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి బావకు ఇవ్వొద్దంది. రేపు నామినేషన్ వేయడానికి పోతూ ఊరంతా చూస్తుండగా బండి తానే నడపకపోతే ఓట్లు పోయినట్టేనని వెంకట్రాం బెంగ. ఇస్తే అక్క మొహం చూడలేడు, ఇవ్వకుంటే బావ మొహం చూడలేడు. ఉపేందర్ పరిస్థితి అదీ.

"నేను తల తిరిగి దవాఖానకు పోయిననుకుంటున్నరు. గాడ ఓ ప్రొఫెసర్ చెవి మీద పరిశోధన జేస్తుండు. చెవుంటే వినుడొక్కటే కాదు, లోపల సన్న గొట్టాలు, అండ్ల నీళ్లు. తల తిప్పితే నీళ్లు కదులుతయి, మనిషి ఎటు ఒరిగిండో మెదడుకు చెప్తయి. నా చెవుల నీళ్లు జూసి ఆయన పరేషాన్."

"లోపలి నీళ్లు ఎట్ల జూసిండే?" అన్నాడు రాజలింగం.

"పరీక్ష వెట్టిండు. కుర్సీల కూసోవెట్టి గిర్రున తిప్పిండు. ఆపినంక ఎవలికైనా కండ్లు అటిటు కొట్టుకుంటయి. నావి కొట్టుకోలే. ఇంకింత తిప్పిండు, కుర్సీ మోటరు కాలింది. నేను దిగి సక్కగ నడిచిన, నన్ను జూసిన ప్రొఫెసర్‌కు వాంతికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నా చెవిల సల్లటి నీళ్లు వోసిండ్రు. గట్ల వోస్తే లోకం తిరగాలె. నాకేం కాలే, పక్కనున్న నర్సమ్మ గోడ వట్టుకున్నది."

"పాపం, ఆమె చెవిల ఎవలు వోసిండ్రు?" అన్నాడు కొమురెల్లి చాయ్ వడపోస్తూ.

"నువ్వు చాయ్ జూస్కో. ఆఖరికి కండ్లకు గంతలు కట్టి, మెత్తటి పరుపు మీద ఒంటికాలితో నిలవెట్టిండ్రు. నన్ను మర్శిపోయి ఇండ్లకు వోయిండ్రు. తెల్లారి వచ్చేవరకు గట్లనే ఉన్న. జూస్తే నాకూ గోడకూ జర తేడా వచ్చింది. 'ఒరిగిండు' అన్నడు ప్రొఫెసర్. మేస్త్రీని పిలిచి దారానికి గుండు కట్టి వేలాడదీస్తే, ఒరిగింది నేను కాదు, బంగ్లా."

"గంతేనా?" అన్నాడు రాజలింగం.

"గంతేనా అంటే? ఆయన గోళం తెచ్చి ముందట వెట్టిండు. భూమి గూడ ఒరిగే తిరుగుతదట. 'వెంకట్రాంగారూ, దీని మీద నిటారుగా ఉన్నది మీరొక్కరే' అని దండం వెట్టిండు. గసొంటి నాకు రాజ్‌దూత్ ఓ లెక్కనా? తియ్యి ఉపేందర్, తాళంచెవి."

ఉపేందర్ లేచి తాళంచెవి తీశాడు. బావ చెప్పుల మధ్య నేల మీద పెట్టాడు.

"తీస్కో బావా."

వెంకట్రాం మెడ కదల్చలేదు. కళ్లు మాత్రం కిందికి దించి చూశాడు. కాలితో తడిమితే అది బల్ల కిందికి జరిగింది.

"కొమురెల్లీ, జర..."

"చేతులు ఖాళీ లెవ్వు పటేలా."

వెంకట్రాం తల వెనక్కి వంచకుండానే చాయ్ చివరి గుక్క తాగాడు.

"రేపు నువ్వే నడుపు," అన్నాడు. "నడిపేటోడు డ్రైవరు, ఎన్క కూసున్నోడు లీడరు."

"గట్టిగ వట్టుకొని కూసో, లీడరు సాబ్," అంటూ ఉపేందర్ వంగి తాళంచెవి తీసుకున్నాడు.