గులాబీ చొక్కాలు

ఫుట్‌బాల్ అంటే అర్జియాకి అసలు ఇష్టమే లేదు. ఈ ముక్క ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో తన చెంచా చప్పుడు తనకే వినపడుతుంటే ఉండలేక, జెనోవా రేవు పక్కన ఎజీదియో కాఫీ కొట్టుకి వచ్చి కూర్చునేది. ఊరికే కూర్చుంటే ముసలిదాన్ని ఎవరు పలకరిస్తారు? అందుకని స్తెల్లా ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టిన కథ ఎత్తుకునేది.

ఆ ఆదివారమూ ఎత్తుకుంది. "మన జట్టుకి మొదటి చొక్కాలు కుట్టింది నేనేరా. పాత తెరచాప గుడ్డ. ఎంత బిరుసంటే, విప్పి నేల మీద పెడితే వాటంతటవే నిలబడేవి."

"కుట్టావులే అత్తా," అన్నాడు ఎజీదియో శనగపిండి రొట్టె కోస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంగ్లీషు ఓడవాళ్ళతో మొదటి ఆట. మనవాడొకడు ఆయాసమొచ్చి చతికిలబడితే, వాడి చొక్కా ఒక్కటే పరుగెత్తుకెళ్ళి గోలు కొట్టింది!"

రేవు కూలీలు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగితే లేచి ఇంటికి పోవాల్సొస్తుందని, అర్జియా ఊపిరి తీసుకోకుండా అందుకుంది.

"నవ్వకండి! గోల్‌కీపరుకి జ్వరమొస్తే జుట్టు టోపీలో దోపుకుని నేనే నిలబడ్డా. నేను తన్నిన బంతి కోర్సికా దీవి దాకా పోయి, అక్కడ మేకపోతు ఒకటి కుమ్మితే సముద్రం దాటి తిరిగొచ్చి వాళ్ళ గోల్లో పడింది. మేకని ఓడెక్కించి తెచ్చి దండ వేశాం. ఆ సంబరానికి ఆకాశమంతా గులాబీ అయిపోతే, ఆ రంగు చూసే మన చొక్కాల రంగు ఎంచాను..."

"ఆగాగు అత్తా." ఎజీదియో కత్తి కింద పెట్టాడు. "మా అమ్మ చెప్పిందిలే. తెల్ల చొక్కాలు బూడిదనీళ్ళ కాగులో ఉడుకుతుంటే, మీ చెల్లెలు నీవెస్ తన ఎర్ర లంగా కూడా అందులో పడేసింది. రంగు దిగి అన్నీ గులాబీ అయ్యాయి. నువ్వు చీపురు పట్టుకుని ఆ పిల్లని రేవంతా తరిమావట కదా!"

కొట్టు దద్దరిల్లింది. అర్జియా మొహం మాడ్చుకుంది. కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది.

"లంగా కాదురా. మేజోడు. ఒంటి ఎర్ర మేజోడు."

"మరి రెండోదేమైంది?" అన్నాడో కూలీ.

అది అర్జియాకీ తెలీదు. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, తురీన్ ఊళ్ళో నీవెస్. మొగుళ్ళు పోయాక, అక్కే పలకరించాలని అదీ, చెల్లెలే పలకరించాలని ఇదీ, ఏళ్ళ తరబడి బిగుసుకు కూర్చున్నారు.

కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"ఎజీదియో, ఫోనులో వేసే బిళ్ళ ఒకటి ఇటివ్వు. నీవెస్‌నే అడుగుతా."