చవకలో అడవి చుట్టొచ్చిన మేనమామ

ఆ అమ్మాయికి ఒకటే కోరిక. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి, తక్కువ ఖర్చులో, ఎండా వానా పోటీపడే దేశానికి వెళ్లి పది రోజులు అడవులూ నదులూ తిరిగి రావాలి. తల్లి ససేమిరా అంది. చివరికి ఒక మెట్టు దిగింది: "నా తమ్ముడు ఎప్పుడో వెళ్లొచ్చాడట. వాడు భయం లేదంటే పంపిస్తా."

తమ్ముడు దర్జీ. నోట్లో గుండుసూదులుంటే తప్ప ఆ నోరు మూతపడదు. అక్క పక్క ఊరి నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. టీ గ్లాసులు రాగానే నోట్లోని సూదులు వాటిని గుచ్చే చిన్న దిండుకెక్కాయి. ఇక ఎవరాపుతారు?

"భయమెందుకక్కా, ప్లానుండాలి గానీ! వానలు వెనకబట్టే రోజుల్లో వెళ్లాలి, గదులు సగం ధరకే ఇస్తారు. పెద్ద హోటళ్ల జోలికి పోకుండా నది ఒడ్డున చెక్క గుడిసెలో దిగాలి, ఊళ్లోవాళ్లు ఎక్కే బస్సే ఎక్కాలి, సంతలో తినాలి. ఒక సంచి, రెండు జతలు. నేనలాగే వెళ్లొచ్చా."

తల్లి తలూపింది. అమ్మాయి ముఖం వెలిగింది. అక్కడితో ఆపితే అయిపోయేది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చాలు మామయ్యా!"

"చాలేంటే, అసలు కథ ఇప్పుడేగా! బస్సు లోపల చోటు లేదు, టాపెక్కా. టాపు మీద టికెట్టు సగమే, పొదుపు చూశారా? దారికడ్డంగా ఇంత లావు చెట్టు పడింది. డ్రైవరు తల పట్టుకున్నాడు. నేను జేబులోంచి కత్తెర తీశా..."

"కత్తెరతో చెట్టా?" దుకాణం మూలన బట్టలు ఇస్త్రీ చేస్తున్న అతను పెట్టె ఆపాడు.

"కోటు గుడ్డ కోసే కత్తెరయ్యా అది! ముక్కలు ముక్కలు చేస్తే, ఆ చెక్కతో ఊరివాళ్లు బడి కట్టుకున్నారు. సరే, నది దాటాలి. పడవకి డబ్బులు దండగని ఈదా. మధ్యలో మొసలి! టేపు తీసి కొలిచా, రేపు చెబితే ఆధారముండాలిగా. పొడుగు రెండొందల పది అంగుళాలు, నడుము వేరే."

"అది ఊరుకుందా?" అడిగింది తల్లి.

"కొలతలు తీస్తుంటే ఎవరైనా ఊపిరి బిగబట్టి నిలబడతారక్కా, మొసలైనా అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుఫాను! గుడిసె లేచిపోయింది, గుడిసెతో నేనూ, నాతో మొసలీ. కింద చూస్తే మూడు దీవులు! దుప్పటికి చకచకా కచ్చా కుట్లు వేసి గొడుగులా పట్టుకున్నా. గాలి నన్ను తెచ్చి మన వీధి చివరే దింపింది. తిరుగు విమానం టికెట్టు మిగిలింది!"

ఇస్త్రీ అతను చప్పట్లు కొట్టాడు. తల్లి టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"మొసళ్లూ తుఫాన్లూనా? వద్దులేవే. ప్రాణం మీదికి తెచ్చే చవక మనకెందుకు?"

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామయ్యా, నీకు దణ్ణం పెడతా. అబద్ధమని చెప్పు."

మామయ్య మెడలో టేపు సవరించుకున్నాడు. నలుగురిలో కోసిన కోతని నలుగురిలోనే మింగాలంటే ఏ మగాడికి గొంతు దిగుతుంది?

గుమ్మం పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అతని భార్య తలెత్తకుండానే అంది. "వదినా, పై అరలో కొలతల పుస్తకాలున్నాయి. ఈయన వెళ్లొచ్చానన్న ఏడాదిది తిరగెయ్యి. రోజూ ఈయన చేతిరాతే, ఒక్కరోజు ఖాళీ లేదు. బడి యూనిఫాంల రోజుల్లో టీకి వీధి దాటని మనిషి అడవికెళ్లాడట!"

"మరి ఆ గదులు, బస్సులు?" అడిగింది తల్లి.

"అవి మాత్రం నిజాలే. దేశాలు తిరిగొచ్చినవాళ్లకి కొలతలు తీస్తూ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఈయనకి ప్లానే. ఏటా యూనిఫాంలు అడ్డం."

తల్లి తమ్ముడి వైపు చూసింది. "ఏరా, ఎప్పుడూ వెళ్లనే లేదా?"

"కుదర్లేదక్కా."

ఆ సాయంత్రం అతను అంత పొట్టిగా మాట్లాడింది అప్పుడే.

"వెళ్లవే," అంది ఆమె కూతురితో. "వీణ్ణి కూడా లాక్కుపో. ఈ ఏడు యూనిఫాంలు నేనూ మీ అత్తా చూసుకుంటాం. ఒక్కసారి కళ్లారా చూసొస్తే ఉన్నదున్నట్టు చెప్తాడు."

మామయ్య గతుక్కుమన్నాడు. "వెళ్తా గానీ, ఆ షరతొక్కటి తీసెయ్యక్కా. ఉన్నదున్నట్టు చెబితే నా దగ్గర ఎవరు కూర్చుంటారు?"