ఆ షాట్ తీసేశారు

ఇదిగో, ఫోటోలోంచి అలా చూస్తూ కూర్చుంటే కుదరదు. మీ అమ్మకి నువ్వే చెప్పుకో. నిన్నట్నించీ కంచం ముందు పెడితే అవతలికి నెట్టేస్తోంది. నాతో మాట్లాడదట! అంతా నేనే చేశానట!

ఏం చేశాన్నేను? నీ చావుని తెర మీంచి దింపించాను. అదీ నా నేరం.

నవ్వకయ్యా, ఒళ్ళు మండిపోతోంది.

నువ్వు పోయాక సినిమా ఆగిపోతుందనుకున్నా. పిచ్చిదాన్ని! ఆగుతుందా? ఆకాశంలోంచి యంత్రాలొచ్చి ఊళ్ళు తగలబెట్టాలి, హీరో వాటితో కొట్లాడి చావాలి, మళ్ళీ అదే రోజు పొద్దున అదే మంచం మీద లేవాలి. కథంతా ఆ ఒక్క రోజే కదా, తిరిగి తిరిగి వస్తుంది. అందుకేగా ఆ నీలం గళ్ళ చొక్కాలు నాచేత కుప్పలు కుప్పలు కుట్టించారు? ఒకటి ఇస్త్రీ నలగనిది, ఒకటి చిరిగింది, ఒకటి కాలింది. హీరో కొలతలకో వరస, ఆయన బదులు దూకే నీ కొలతలకో వరస. నీవాటికి లోపల తాడు కట్టే బెల్టు పట్టాలని పక్కలు వదులుగా ఉంచేదాన్ని.

ఆ తాడు తెగిన రోజు నీ ఒంటి మీదున్నదీ నేను కుట్టిందే. సరేలే, ఆ మాట వద్దు.

సినిమా విడుదలైంది. మా దర్జీల మేస్త్రీ చూసొచ్చాడు. నా మొహం చూడలేక గోడకేసి చూస్తూ చెప్పాడు: "అమ్మాయ్, వంతెన మీంచి మనవాడు పడ్డ షాట్ అలాగే ఉంచేశారు. హీరో చచ్చిన ప్రతిసారీ అదే వేస్తున్నారు."

ప్రతిసారీ! విన్నావా? ఒక్కసారి చంపింది చాల్లేదు వాళ్ళకి.

వెళ్ళా డైరెక్టరు దగ్గరికి. ఊరుకుంటానా? కాఫీ తెప్పించాడు మహానుభావుడు. "అమ్మా, అది ఆయనకి మా నివాళి. సినిమాకి ప్రాణమే ఆ షాట్" అన్నాడు. "ఎవరి ప్రాణం బాబూ?" అన్నాను. కప్పు కిందపెట్టి ఫోన్ చూసుకున్నాడు.

అక్కణ్ణించి నేరుగా మీ ఫైటర్ల సంఘానికి వెళ్ళి కూర్చున్నా. మీ ఫైట్ మాస్టర్ లేడూ, ఎప్పుడూ నీమీద కేకలేసేవాడు, ఆయనే లేచాడు. ఆ షాట్ తీసేదాకా ఆ కంపెనీ షూటింగుల్లో ఒక్కడూ తాడు కట్టుకోడన్నాడు. దెబ్బకి దిగొచ్చారు. నీ ముక్క తీసేసి, కంప్యూటర్లో చేసిన మనిషినెవణ్ణో అక్కడ పడేసి, హాళ్ళన్నిటికీ కొత్త కాపీ పంపారు.

గెలిచాననుకున్నానయ్యా!

నిన్న సాయంత్రం పని నుంచి వచ్చేసరికి మీ అమ్మ గుమ్మంలో కూలబడి ఉంది. చెప్పులు కూడా విప్పలేదు. "ఏంటత్తయ్యా?" అంటే, "నా కొడుకేడే?" అంది.

పక్కింటావిడతో కబుర్లకని చెప్పి రోజూ ఆ సినిమా మధ్యాహ్నం ఆటకి వెళ్తోందట! నాకేం తెలుసు?

"వెనకనించి చూసినా నా పిల్లాణ్ణి నేను పోల్చుకోలేనా? ఆ భుజాలు వాడివే. పడేవాడు. పడగానే తెల్లారేది, మంచం మీద లేచి కూర్చునేవాడు. అక్కడ వాడు చావలేదే! నువ్వే, నువ్వే చంపేశావు" అంది.

"లేచింది హీరో కదత్తయ్యా" అన్నా.

"చొక్కా అదేగా" అంది.

అవును, అదే. నీ చొక్కాకీ హీరో చొక్కాకీ తేడా తెలీకూడదని కళ్ళు పోయేలా కుట్టింది నేనేగా!

పొద్దున్నే మేస్త్రీని అడిగా, పాత కాపీ ఏ మూల హాల్లోనైనా ఆడుతోందేమోనని. లేదట. ఎక్కడా లేదట.

నీ దగ్గర దాపరికమేంటి, చెప్పేస్తున్నా. అంత రభస చేశానా, ఊరందరితో తగువు పెట్టుకున్నానా, అసలు నేనా షాట్ చూడనేలేదు. అది తీసెయ్యక ముందే టికెట్ కొనుక్కుని వెళ్ళా. వంతెన రాగానే కళ్ళు గట్టిగా మూసేసుకున్నా. హాలంతా ఈలలు. అవే విన్నా. మీ అమ్మ చూడు, రోజూ కళ్ళు తెరుచుకునే కూర్చుంది.

ఇప్పుడు నాకూ చూడాలనుంది, ఒక్కసారి.

ఏం లాభం? తీసెయ్యమని కూర్చుంది నేనేగా.