తాళం బాబాయి వరుసలో

టేబుళ్ల మీద గుడ్డలు కప్పేసి, పెట్టెలు చేతుల్లోనే పట్టుకుని వచ్చిన వర్తకులందరికీ, సంఘం అధ్యక్షులవారికీ, ముందు వరుసలో కూర్చున్న పిన్నికీ, ఆవిడ పక్కనున్న వాళ్లమ్మాయి, మన అక్కకీ నమస్కారం.

సాయంత్రం ఆరైంది. ముప్పై ఏళ్లుగా, పాత వస్తువుల ప్రదర్శన జరిగిన ప్రతి రోజూ, ఈ వేళకి ఈ హాలు చివరున్న సరుకు గది ఇనుప తలుపు తెరుచుకునేది. దాని పక్కన స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉండేవాడు. మీ విలువైన సరుకంతా రాత్రికి ఆయన చేతికిచ్చి, మీరు హాయిగా వెళ్లి నిద్రపోయేవాళ్లు. ఇవాళ తలుపుంది. స్టూలుంది. మన తాళం బాబాయి లేడు. పోయిన నెల గుండె ఆగి వెళ్లిపోయాడు.

ఆయన కింద నాలుగేళ్లు పనిచేశావు కదా, రెండు మంచి మాటలు చెప్పు అన్నారు నన్ను. చెప్తాను. కానీ ముందు ఒక నిజం చెప్పనివ్వండి. నాకు ఆయనంటే అసూయ. నాలుగేళ్లూ కుళ్లుకున్నాను. ఆ ఫొటో చుట్టూ మీరు పేర్చిన పూలు చూస్తుంటే ఇప్పటికీ కుళ్లుగానే ఉంది.

ఎందుకుండదు, చెప్పండి?

నేను చేరిన ఏడాది, తొక్కిసలాట తగ్గుతుందని అధ్యక్షులవారు రెండు వరుసలు పెట్టారు. ఒకటి బాబాయిది, ఒకటి నాది. ఎవరికిచ్చినా పెట్టె చేరేది అదే గదికి. అవే అరలు, అదే తాళం. అయినా ఏమైంది? ఆయన ముందు గుమ్మం దాటి, మెట్ల దాకా జనం. నా ముందు? నేల. శుభ్రంగా తుడిచిన నేల! ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు చాపుకుని నేను. ఆయన వరుసలో పదకొండో మనిషి ఎవరో తెలుసా? ఏడో నంబరు టేబులు, పాత స్టాంపులు. మా నాన్న! నన్ను కన్న నాన్న! నన్ను చూశాడు, చిన్నగా దగ్గాడు, మొహం తిప్పుకుని అక్కడే నిలబడ్డాడు.

అంత ఏముంది ఆయనలో? పెట్టెని రెండు చేతులతో అందుకుని ఒక్క క్షణం గాల్లో ఉంచేవాడు. అంతే. మూత తెరవడు. లోపలేముందని అడగడు. బరువే ఆయనకి చీటీ. నాణేలమ్మే అక్కతో, "పొద్దుటికంటే తేలికైందే అక్కా, ఇవాళ నీ నోటికి బాగా పని పడ్డట్టుంది" అనేవాడు. పాత బొమ్మల మావయ్యగారి పెట్టె ఓసారి తీసుకున్నట్టే తీసుకుని వెనక్కిచ్చేశాడు. "ఇందులో అన్నం క్యారియరుంది మావయ్యా, తీసివ్వు. చీమలకి పాత బొమ్మా కొత్త బొమ్మా తేడా తెలీదు." నిజంగానే ఉంది, సగం తిన్న క్యారియరు! హాలంతా నవ్వారు. నేను నవ్వలేదు. ప్రదర్శన అయిపోయాక ఇంట్లో నాన్న పెట్టెలన్నీ రోజూ ఎత్తి దించి, బరువులు బట్టీ పట్టాను. వారం తిరక్కుండా నడుం పట్టేసింది. బరువులు మాత్రం పట్టుబడలేదు.

అప్పుడు చదువు మీద పడ్డాను. పెద్ద పుస్తకాలేం కావు, బస్టాండులో పంచిపెట్టే పదహారు పేజీల కరపత్రాలు. నమ్మకం మనిషి మీద కాదు, పద్ధతి మీద ఉండాలని ఒకదాంట్లో ఉంది. ఆ మాట తప్పని నేను ఇవాళ్టికీ ఒప్పుకోను. ప్రతి పెట్టె మూత మీద కాగితం పట్టీ అంటించాలి, దాని మీద యజమాని సంతకం చెయ్యాలి, పొద్దున పట్టీ చిరగలేదని చూసుకున్నాకే పెట్టె తీసుకోవాలి అని సంఘం మీటింగులో బల్ల గుద్ది వాదించాను. బాబాయి అడ్డుపడతాడనుకున్నాను. పడితే నలుగురిలో కడిగెయ్యడానికి మాటలు కూడా రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆయనేం చేశాడు? లేచి, "అబ్బాయి చెప్పింది సబబే. మొదటి పట్టీ నేనే అంటిస్తా" అని కూర్చున్నాడు. నేను గెలిచాను. గెలిచి, ఇంటికెళ్లి అన్నం తినలేదు. ఇప్పుడు దాన్ని మీరంతా ఏమంటున్నారు? బాబాయి పట్టీ! అది నాది! ఆ పట్టీ నాది!

క్షమించండి. అరవకూడదు. పిన్నీ, క్షమించు.

ఇక అసలు సంగతి. ఇది పిన్నికి కూడా పూర్తిగా తెలీదు.

రెండేళ్ల కిందట వానల్లో జరిగిన ప్రదర్శన మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లారి చూస్తే మా నాన్న స్టాంపులు, ఒక్కసారీ వాడనివి, వెనక జిగురు కూడా చెక్కుచెదరనివి, పన్నెండేళ్లుగా ఏరి కూర్చుకున్నవి, ముద్దలా అతుక్కుపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్లలో ఆ గదిలో జరిగిన ఒకే ఒక్క నష్టం. "గది నాది, తాళం నాది, తప్పు నాది" అన్నాడు బాబాయి. సంఘం మందలింపు కాగితం రాసి నోటీసు బోర్డుకి అంటించింది. ఏడాది పాటు ఆ కాగితం కిందే కూర్చున్నాడాయన.

ఆ రాత్రి బాబాయి ఇక్కడ లేడు. ఆయన కూతురు, ఇదుగో ఈ అక్కకి కాన్పు, ఆసుపత్రికి వెళ్లాడు. తాళంచెవి చెయ్యి మారకూడదన్నది సంఘం నియమం. అయినా ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు. "ఒక్క రాత్రి అబ్బాయ్. ఉన్నవి ఉన్నట్టు ఉండనీ" అన్నాడు.

ఉండనిచ్చానా? ఆయనకంటే నేనే బాగా చూస్తానని చూపించాలి కదా! నేలంతా బకెట్లతో కడిగాను. పెట్టెల కింద ఆయన పరిచిన చెక్కలు తీసేశాను, వాటి సందుల్లో ఎవరైనా ఏమైనా దాచొచ్చని. పైన కమ్మీలున్న చిన్న కిటికీ ముప్పై ఏళ్లుగా తెరిచే ఉంది. కన్నమంటే కన్నమేనని గట్టిగా మూసేశాను. తడి నేల, మూసిన గది, బయట వాన. చెమ్మ గురించి నా కరపత్రాల్లో ఎక్కడా లేదు.

పొద్దున్నే వచ్చిన బాబాయి గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. స్టూలెక్కి కిటికీ తెరిచాడు. మీ ముందుకొచ్చి ఆ మూడు ముక్కలూ అన్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. నోరు విప్పానా? లేదు. భయమా? కొంచెం. కానీ భయంకంటే ఎక్కువగా కుళ్లు! చివరికి నా తప్పు కూడా ఈయనే పట్టుకుపోయాడే అని! ఆ తరవాతి ఏడాది, బోర్డు మీద కాగితం వేలాడుతుండగానే, మీరంతా మళ్లీ ఆయన వరుసలోనే నిలబడ్డారు. మా నాన్నతో సహా.

అధ్యక్షులవారూ, ఆ మందలింపు కొట్టెయ్యండి. నా పేరు మీద కొత్తది రాసి ఇవాళే బోర్డుకి అంటించండి. అది నాది. ఆయన దగ్గర్నుంచి నేను తిరిగి తీసుకోగలిగింది అదొక్కటే.

ఇంకో మాట. ముప్పై ఏళ్లు వీపు ఆనించుకునే దారి లేని స్టూలు మీద కూర్చున్నాడు. మనలో ఒక్కరం, ఒక్కరంటే ఒక్కరం కుర్చీ వేశామా? పూలు మాత్రం బండెడు తెచ్చాం! నేనూ తెచ్చాను.

అధ్యక్షులవారు నిన్న తాళంచెవి నాకిచ్చారు. ఈ సంగతి తెలియక ఇచ్చారు. ఇదుగో, ఆయన ఫొటో ముందు పెడుతున్నాను. మీలో కొందరు పెట్టెలు బసకే పట్టుకెళ్దామనుకుంటున్నారని విన్నాను. మీ ఇష్టం. గదిలో చెక్కలు వేశాను, కిటికీ తెరిచాను. కాపలా ఎవరున్నా అవి పనికొస్తాయి.

ఇక లేవండి. రెండు నిమిషాలు ఎవ్వరం మాట్లాడొద్దు. చేతుల్లో పెట్టెలు కింద పెట్టండి. మీ సరుకు వదిలేసి మీరు నిశ్చింతగా నిలబడింది ఆయన ఎదుటే కదా, ఇంకొక్కసారి ఆయన ఎదుటే నిలబడండి. నాన్నా, నువ్వూ పెట్టు. కళ్లు మూసుకోండి, నేనూ మూసుకుంటాను. తెరిచాక ఆ తాళంచెవి మీరు ఎవరి చేతిలో పెడితే వాళ్ల వరుసలో మొదటి పెట్టె నేనే మోసుకొస్తాను.

కుళ్లుకోకుండా. కనీసం ఈ రెండు నిమిషాలూ.