చివరి మాట

భార్య పోయిన రోజున ఆమె చివరి మాట మాస్టారి చెవిలోనే ఉంది. నెల తిరిగాక, మబ్బు పట్టిన మధ్యాహ్నం, దాన్ని రాసి దాచుకుందామని కూతురు కలం పట్టుకుంది.

“అమ్మ ఏమంది నాన్నా?”

“కాసేపు నిద్రపొమ్మంది.”

“మొన్న ‘నడుం వాల్చండి’ అందన్నావు.”

“రెండూ ఒకటేగా తల్లీ.”

“పద్యంలో ఒక్క మాట మారిస్తే పిల్లల్ని బెంచీ ఎక్కించేవాడివి!”

“ఇప్పుడు నన్నే ఎక్కించాలి. కళ్ళు మూసుకుంటే మీ అమ్మ పెదాలు కదులుతాయి. నేను అలిసిపోయానని ఆవిడకి తెలిసిపోయింది, అదీ తెలుస్తుంది. శబ్దమే రాదు.”

“అర్థం మిగిలిందిగా, చాలదా?”

“నిద్రపొమ్మని ఎవరైనా అంటారమ్మా. ఆ మాట ఆవిడది.”

కూతురు తేదీ వేసింది. దాని కింద ఇంకా ఏమీ రాయలేదు.