పిత్రార్జితం అనే మాట

చనిపోయిన అమ్మ కుట్టుకొట్టును తన పేరుకి మార్పించుకుందామని వచ్చిన అమ్మాయి, దస్తావేజులు రాసే పెద్దాయన కలం పట్టి ఆపింది.

"పిత్రార్జితం అంటే ఏంటండీ?"

"తండ్రి వైపు నుంచి వచ్చిన ఆస్తమ్మా."

"మా నాన్న ఒక్క గుండీ కూడా కుట్టలేదండీ. అమ్మ రెక్కలు ముక్కలు చేసుకుని కొన్న కొట్టిది. ఆ మాట రాస్తే రేపు బాబాయి వాటాకొస్తాడు."

"ముప్ఫై ఏళ్లుగా అందరికీ ఇదే రాస్తున్నా. ఎవరూ అడగలేదు."

"మీ ఇల్లూ పిత్రార్జితమేనా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కాగితంలో అంతే. కట్టించింది మా అమ్మ."

"ఆ కాగితం ఎవరు రాశారండీ?"

"నేనే."

రాసింది చింపేసి, కొత్త కాగితం తీశాడు.

"అమ్మ పేరు చెప్పు తల్లీ."